అయిదు మిల్లీమీటర్ల తేడా

‘ఇన్ని సూదులేసినా జొరం దిగదేటే?’ మూడోరోజు పొద్దున్న నాన్న అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

నెల్లిమర్ల జూట్‌మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. చలిజ్వరంతో వణికిపోతుంటే ఆస్పత్రిలో చేర్పించాం. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం కదల్లేదు. ఇక కల్చర్ రిపోర్టే దిక్కు. దానికేమో రెండు రోజులు పడుతుంది... మనం ఎంత కంగారుపడినా సూక్ష్మజీవి తన తీరికలో తను పెరగాలి కదా!

రిపోర్టు వచ్చింది. ఈ-కోలై. దాని కింద ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’. విలేకరి బుద్ధి ఊరుకుంటుందా? నేరుగా ల్యాబ్‌కే వెళ్లి అడిగాను. అక్కడి మైక్రోబయాలజీ డాక్టరుగారు విసుక్కోకుండా ఓ గుండ్రటి పళ్లెం తీసి చూపించారు. లేతపసుపు జెల్లీ మీద పల్చటి పొరలా బ్యాక్టీరియా. దాని మీద బొట్టుబిళ్లల్లాంటి కాగితపు ముక్కలు. ఒక్కోదాంట్లో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగదు, తేటగా ఓ వలయం కనిపిస్తుంది.

నాన్నకి ఇస్తున్న మందు కుటుంబానిదే సెఫ్టాజిడైమ్. ఆ బిళ్ల చుట్టూ తేటదనం దాదాపు లేదు. పక్కనే, అదే మందుకి క్లావులానిక్ ఆమ్లం కలిపిన బిళ్ల. దాని చుట్టూ ఇంత వలయం!

‘రెండింటి వ్యాసంలో కనీసం అయిదు మిల్లీమీటర్లు తేడా ఉంటే ఈఎస్‌బీఎల్ ఉన్నట్టే’ అన్నారావిడ, స్కేలు పెట్టి కొలుస్తూ. అదో ఎంజైమ్. మందు అణువులోని బీటా-లాక్టమ్ అనే కీలకమైన భాగాన్ని తెంపేస్తుంది. తెగాక ఎన్ని ఇంజెక్షన్లు చేసినా ఒకటే. క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైమ్‌ని కట్టిపడేస్తుంది కాబట్టే పక్క బిళ్ల పనిచేసింది.

ఇలాంటి ఎంజైమ్‌ని 1940లోనే ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, చెయిన్ గుర్తించారట. పెన్సిలిన్ ఇంకా జనంలోకి రాకముందే!

నాన్నకి మెరోపెనెమ్‌కి మార్చారు. దాన్నీ తెంపే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్ 2008లో స్వీడన్‌లో ఓ రోగి దగ్గర బయటపడింది. ఆ మనిషి అంతకుముందు ఢిల్లీలో ఆస్పత్రిలో ఉన్నాడు. పేరులో ‘న్యూఢిల్లీ’ అందుకే చేరింది. మా అదృష్టం, పళ్లెంలో మెరోపెనెమ్ బిళ్ల చుట్టూ తేటగానే ఉంది. రెండోరోజుకి జ్వరం దిగింది.

‘ఈమధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?’ రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు అడిగారు. నాన్న నావైపు చూశాడు. జలుబు చేసినప్పుడల్లా చీటీ లేకుండా మాత్రలు కొనిచ్చింది నేనే. వాటివల్లే ఇలా అయిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. అలాగని కాదనీ చెప్పలేదు డాక్టరు.

ఇంటికొచ్చాక అలమరా తెరిచాను. సెఫిక్సిమ్ స్ట్రిప్పు. పదింట్లో ఆరు మాత్రలు అలాగే ఉన్నాయి.

‘పారేయకే, మళ్లీ జలుబొస్తే పనికొస్తాది’ అన్నాడు నాన్న, మంచం మీంచి.