ఎవరెవరికి చెప్పాలి?

"చిన్నపిల్లకి షుగరేమిటండీ!"

ఈ మాట అనని చుట్టం మాకు లేడు. దాని వెనకే రెండో మాట వస్తుంది: "స్వీట్లు బాగా తినేదా?" మూడోది కాకరకాయ రసం. మా మేనకోడలికి ఎనిమిదో తరగతి ఆఖర్లో టైప్ వన్ డయాబెటిస్ బయటపడింది. ఇప్పుడు పదో తరగతి. ఈలోగా ఈ మూడు మాటలకీ జవాబు చెప్పీ చెప్పీ మా అక్కకి విసుగెత్తింది. స్వీట్లకీ దీనికీ సంబంధం లేదు. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. పెద్దవాళ్ళలో మామూలుగా చూసే షుగరు వేరు, ఇది వేరు. మాత్రలకీ నడకకీ లొంగేది కాదు. ఇన్సులిన్ బయటినుంచి తీసుకోవాల్సిందే, రోజూ, బతికినన్నాళ్ళూ.

సూది పెద్ద కష్టమని జనం అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మా మేనకోడలి పక్కన కూచుని చూసేదాకా. పొద్దున్నే ఒక జడ వేసుకుని, రెండో జడ వెయ్యకముందే వేలి అంచున చురుక్కుమనిపిస్తుంది. వేలి కొన మీద గుచ్చుకోదు, పక్కన గుచ్చుకుంటుంది. కొన మీదైతే పెన్ను పట్టుకున్నప్పుడు నొప్పిట. చిన్న రక్తపు బొట్టు స్ట్రిప్పుకి తాకించి, అంకె చూసి, పళ్ళెంలో ఇడ్లీలు చూసి, లెక్కవేసుకుని సిరంజి తీస్తుంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల సిరంజి మూత నారింజ రంగులో ఉంటుంది. ఒకదానికి ఒకటి వాడితే మోతాదు తారుమారవుతుంది. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ స్లిప్ టెస్టు పెట్టి మరీ నేర్పింది. నాకు పదికి ఏడే వేసింది. సూది వేసుకోవడం అయ్యాక రెండో జడ.

అసలు చిక్కు వ్యాను ఎక్కిన తర్వాత మొదలవుతుంది. తన జబ్బు సంగతి ఎవరికి చెప్పాలి?

మా అక్క మొదట్లో ఎవరికీ చెప్పొద్దంది. "రేపు పెళ్ళి కావలసిన పిల్ల, ఊరంతా తెలిస్తే ఎట్లా?" అంది. పద్నాలుగేళ్ళ పిల్ల చక్కెర గురించి కంగారుపడుతుంటే, ఎప్పుడో రాబోయే వియ్యంకుల గురించి ఇప్పట్నించే కంగారుపడటం మనకే చెల్లింది. బడివాళ్ళు దీనికి పూర్తిగా ఎదురు. హెడ్మాస్టరు గారు మంచి మనసుతోనే ప్రార్థనప్పుడు మైకులో చెప్పేశారు, అందరూ సాయపడాలని. ఆ రోజునుంచి దీని కారియరు మూత తీస్తే పది తలలు వంగి చూసేవి. పీఈటీ సారు నీడలో కూచోమన్నారు. వ్యాయామం దీనికి మంచిదేనని, కాకపోతే ముందుగా అంకె చూసుకుని, అవసరమైతే కాస్త తినాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒకరు దాచమంటారు, ఒకరు చాటిస్తారు. ఆ పిల్లని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

దాచడం కొత్తేమీ కాదు. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ ఎక్కించింది పద్నాలుగేళ్ళ కుర్రాడికే, పేరు లియోనార్డ్ థాంప్సన్. మొదటి సూది పెద్దగా పనిచెయ్యలేదు. పన్నెండు రోజుల తర్వాత, మందుని మరింత శుద్ధిచేసి ఇచ్చింది పనిచేసింది. అదే ఏడు ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి అక్కడికి వచ్చింది. అమెరికా విదేశాంగ మంత్రి కూతురు, పదిహేనో ఏడు వస్తోంది. ఇన్సులిన్ లేని ఆ రోజుల్లో కడుపు మాడ్చడమే వైద్యం కాబట్టి, అప్పటికి ఆమె బరువు ఇరవై కిలోలు. ఇన్సులిన్‌తో కోలుకుని, చదువుకుని, పెళ్ళాడి, పిల్లల్ని కని 1981 దాకా బతికింది. బతికినంత కాలం తనకీ జబ్బు ఉన్నట్టు బయటివాళ్ళకి తెలియనివ్వలేదు. ఆమెని నేను తప్పుపట్టను. పేరు చెప్పగానే జనానికి రోగం గుర్తుకురావడం ఎవరికి ఇష్టం? కాకపోతే టొరంటోలో ఆమె వెంట నర్సు ఉంది. మా పిల్ల చుట్టూ ఉన్నది సెక్షన్‌లో యాభైమంది పిల్లలు. అక్కడ చక్కెర 70 కంటే దిగి, చెమటలు పట్టి, మాట తడబడితే, తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

చివరికి మా పిల్లే ఒక కాగితం తీసుకుని పేర్లు రాసింది. పక్కన కూచునే స్నేహితురాలు, క్లాస్ టీచరు, పీఈటీ సారు, బయాలజీ మేడం, ఆయమ్మ, వ్యాను డ్రైవరు. ఒక్కొక్కరికి ఎంత చెప్పాలో అంతే. ఆయమ్మకి డయాబెటిస్ పాఠం అక్కర్లేదు, బాత్రూం తాళం అడగ్గానే ఇస్తే చాలు. చక్కెర పెరిగితే దాహం, దాంతోపాటే మాటిమాటికీ బాత్రూము. మన బళ్ళలో ఆడపిల్లలు బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు, దీనికి ఆ వీల్లేదు. డ్రైవరుకి చెప్పింది: "నేను నిద్రపోయి, లేపితే లేవకపోతే, నిద్ర అనుకోకండి అన్నా." బయాలజీ మేడానికి ఒకటే షరతు. క్లోమం పాఠం చెప్పేటప్పుడు తన వంక చూడకూడదు. క్లాస్ టీచరు దగ్గర మాత్రం చాలాసేపు మాట్లాడింది. గ్లూకోజు నోట్లో వేసుకోవడానికి పర్మిషన్ అడగనని, చక్కెర దిగినప్పుడు తను పెడసరంగా జవాబిస్తే పొగరనుకోవద్దని.

ఆ స్నేహితురాలు మీటరు కంటే ముందు కనిపెడుతుంది. నోట్సులో అక్షరాలు గీత మీదినుంచి కిందికి జారుతుంటే మోచేత్తో పొడుస్తుంది. అప్పుడు సుమారు పదిహేను గ్రాముల గ్లూకోజు, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్ష. పుట్టినరోజులకి పంచే చాక్లెట్లు ఇలాంటప్పుడు అంత పనికిరావు. అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఆ చాక్లెట్లన్నీ కాపలా కూలి కింద స్నేహితురాలికే పోతాయి.

పదో తరగతి పరీక్ష మూడు గంటల పైమాట. సీబీఎస్ఈ వాళ్ళు 2017లోనే ఇలాంటి పిల్లలు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్ళలు, పండు, నీళ్ళ సీసా తీసుకెళ్ళడానికి అనుమతిచ్చారు. మాది స్టేట్ సిలబస్. డాక్టరు ఉత్తరం పట్టుకుని మా బావ ముందుగానే హెడ్మాస్టరు గారి దగ్గరకి వెళ్ళొచ్చాడు. ఆ ఉత్తరం సెంటర్లో ఎవరికి చూపించాలో మళ్ళీ ఇదే తేల్చుకుంది, కాగితం మీద ఏడో పేరు చేరింది.

మొన్న ఆదివారం ఒక ఇంటర్ కాలేజీ పీఆర్వో వచ్చాడు. పరీక్షలు కాకముందే వీళ్ళు ఇళ్ళమీదికి వస్తారు కదా. ర్యాంకులు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు, ఫీజులో రాయితీ చెప్పాడు, ఏసీ క్లాసులన్నాడు. అంతా విని మా పిల్ల అడిగింది: "హాస్టల్లో ఫ్రిజ్ ఏ ఫ్లోర్లో ఉందండీ? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? రాత్రి రెండింటికి తలుపు కొడితే వార్డెన్ లేస్తారా?"

ఆయన మా బావ వంక చూశాడు. మా బావ పిల్ల వంక చూపించాడు, అడిగింది తనే, తనకే చెప్పమన్నట్టు. కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు. "వార్డెన్ గారి నంబరే ఇవ్వండి, నేనే అడుగుతాను" అంది.