ఆత్మలో బీదలము



కొండమీద ప్రసంగములో మన ప్రభువు మొట్టమొదట ధన్యులని పిలిచినది ఆత్మవిషయమై దీనులైన వారిని (మత్తయి 5:3). బీదల మధ్య ఈ వాక్యము మీద మాటలాడుట కష్టము. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో పంట పోయిన యేడు పడుచువాళ్ళు విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి రైలెక్కుతారు. ఇంట్లో ముసలివాళ్ళు, పిల్లలు మిగులుతారు. అట్టి ఇంటిలో నిలబడి పేదరికము దీవెన అని చెప్పుటకు మాకు నోరు రాదు. ప్రభువు కూడ ఆకలిగొన్న జనమునకు రొట్టెలు పంచినాడు గదా.

ఈ వాక్యములో గ్రీకు మాట 'ప్తోఖోస్'. రెక్కల కష్టముతో బ్రతికే పేదవానికి గ్రీకులో 'పెనేస్' అని వేరొక మాట ఉన్నది. ప్తోఖోస్ అనగా చేయి చాచితే తప్ప పూట గడవనివాడు, బిచ్చగాడు. ఈ తేడా మాకు తిత్లీ తుఫానులో బాగా అర్థమైనది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరము దాటినది. ఉద్దానములో తాతలనాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలినవి. వరి పోతే మరుసటి యేడు వేసికొనవచ్చును. కొబ్బరి మొక్క కాపుకు రావలెనంటే ఆరేడేండ్లు పట్టును.

మా సంఘములో తోటలు గల పెద్దాయన ఒకరున్నారు. కోతపండుగ వేలములో హెచ్చుపాట ఎప్పుడూ ఆయనదే. తుఫాను తరువాత చర్చి ఆవరణలో గంజి కాచి అందరికీ పోస్తుంటే ఆయన రాలేదు. ఆ ఇంట పొయ్యి వెలగలేదని అందరికీ తెలుసు. మూడవనాడు వచ్చి గేటు దగ్గర నిలబడినారు. కూలి చేసికొనే ఒక విధవరాలు గిన్నె చేతికిచ్చి, "రా బావూ, కూకో. దేవుడి ముంగిట అందరం అడుక్కునేవోలమే కదేటి" అన్నది. ఆయన కూర్చున్నారు. త్రాగుచు ఏడ్చినారు. తరువాత నవ్వినారు.

ఇచ్చుట ధన్యమని అందరమూ నేర్చుకొన్నాము. పుచ్చుకొనుట ఎవరు నేర్పినారు? ఒకరి దగ్గర చేయి చాచనని పంతము పట్టిన నిరుపేదలను మేము చూచినాము. చేతిలో పైసా లేకున్నను అతిశయము ఉండవచ్చును. ఆ విధవరాలి పూరింటి కప్పు కూడ ఎగిరిపోయినది, ఆమె కూడ ఏడ్చినది. అయినను ఆమె తృప్తి కప్పుతో పోలేదు. అంతకు ముందు కూడ ఏ పూటకాపూట దేవుని చేతినుండియే తీసికొన్నది.

మనము పాడుకొనే కీర్తనలు అనేకము వ్రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, 1833లో బాప్తిస్మము పొందినవారు. అంతటి పండితుడు దేవుని సన్నిధిని దయ అడుగుకొనువానివలె పాడినారు.

తృప్తి పుట్టుకతో రాదు. నేర్చుకొన్నానని పౌలు బంధకములలో నుండి వ్రాసినాడు (ఫిలిప్పీ 4:11, 12). లేమిలో ఉండుట మాత్రమే కాదు, కలిమిలో ఉండుట కూడ నేర్చుకొన్నానన్నాడు. ఈ రెండవ పాఠమే కష్టమని మాకు తోచుచున్నది.

తుఫాను తరువాత నాటిన మొక్కలలో కొన్ని కాపుకు వచ్చినవి. కోతపండుగ వేలము మరల జోరుగా సాగుచున్నది, పాటలో పంతములతో సహా. పెద్దాయన గెల తెచ్చి బల్లమీద పెట్టి, తన పేరు చదువవద్దని అయ్యగారితో చెప్పి, వెనుక చాపమీద ఆ విధవరాలి మనుమలతో కూర్చుంటారు.