తాత కల్లు, లూవెన్ బీరు, నాన్నమ్మ పాకం

ఇంజినీరింగ్‌లో చేరిన రోజు హాస్టల్ ఫారంలో ‘కుటుంబ వృత్తి’ అని ఒక గడి ఉంది. ‘వ్యవసాయం’ అని రాశా. పూర్తి అబద్ధం కాదు, మాకు అరెకరం పొలం ఉంది. కానీ మా ఇల్లు గడిచింది ఆ పొలం మీద కాదు, కాలవ గట్టున ఉన్న తాటిచెట్ల మీద. మా తాత కల్లు గీసేవాడు. పక్కన కొత్త రూమ్మేట్లు నిలబడి ఉంటే ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

పదేళ్ల తర్వాత ఆ గడి మళ్లీ గుర్తొచ్చింది. ఎక్కడో తెలుసా? బెల్జియంలో, ఒక బీరు గ్లాసు ముందు.

ప్రాజెక్టు పని మీద కొన్నాళ్లు లూవెన్‌లో ఉన్నా. బ్రస్సెల్స్ పక్కనే ఉండే యూనివర్సిటీ ఊరు. అప్పటిదాకా బీరంటే నాకు తెలిసింది మన షాపుల్లో దొరికేదే. చల్లగా ఉంటే చాలు, రుచి గురించి అడక్కూడదు. అక్కడ మెనూ కార్డు చూస్తే చిన్న పుస్తకంలా ఉంది. ఒక్కో బీరుకి దాని సొంత గ్లాసు. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు.

ఒక శనివారం కొలీగ్స్‌తో కలిసి వెస్ట్‌మాల్ వెళ్లాం. అక్కడ ఒక క్రైస్తవ మఠం ఉంది. లోపలికి మనల్ని రానివ్వరు గానీ, ఎదురుగా ఉన్న కెఫేలో వాళ్ల బీరు దొరుకుతుంది. ఇలాంటి బీర్లని ‘ట్రాపిస్ట్’ అంటారు. ఆ ముద్ర ఊరికే రాదు. బీరు మఠం పరిసరాల్లోనే తయారవ్వాలి, సన్యాసుల అజమాయిషీలో జరగాలి, వచ్చిన లాభం మఠం ఖర్చులకీ దానధర్మాలకీ పోవాలి.

నా ముందు పెట్టింది ‘డుబెల్’. ముదురు గోధుమ రంగు, 7 శాతం ఆల్కహాల్. ఒక్క గుక్క తాగి ఆగిపోయా. ఎండు ఖర్జూరం, కిస్మిస్, వాటి వెనకాల ఇంకేదో వాసన. ఎక్కడో బాగా తెలిసిన వాసన. మా నాన్నమ్మ తాటి బెల్లం కాచినప్పుడు మూకుడు అడుగున గోకితే వచ్చే చెక్కు వాసన అది!

‘ఇది నీకెలా తెలుసు?’ అని టీమ్‌లో ఒకతను అడిగాడు. అప్పుడు జీవితంలో మొదటిసారి బయటివాళ్లకి చెప్పా, మా తాత తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడని. గంటసేపు ప్రశ్నలే ప్రశ్నలు. ఎంత ఎత్తు? రోజుకి ఎన్నిసార్లు? తాడు దేనితో చేస్తారు? సగం వాటికి నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసింది. ఈసారి వేరే రకం సిగ్గు.

మాడిస్తే వచ్చే రుచి

ఆ వాసనకి కారణం కాండీ సిరప్. పేరు చూసి కంగారు పడొద్దు, అది పాకమే. వాళ్లది చెరకు దేశం కాదు కాబట్టి పంచదార దుంప నుంచి తీస్తారు. మనకి తణుకు ఎలాగో వాళ్లకి తీనెన్ అనే ఊరు అలాగ, చక్కెరకి పెట్టింది పేరు. ఆ పంచదారని నీళ్లతో మరిగించి, మన తీగ పాకం, ఉండ పాకం అన్నీ దాటించి, ఎర్రబడి నల్లబడేదాకా కాస్తారు. చివర్లో మళ్లీ నీళ్లు కలిపి సిరప్ చేస్తారు.

బీర్లో ఇదెందుకు? బార్లీ మాల్ట్‌లో ఉండే చక్కెరల్ని ఈస్ట్ మొత్తం తినలేదు. మిగిలింది బీరుని చిక్కగా, బరువుగా చేస్తుంది. ఘాటు పెంచాలని మాల్ట్ ఎక్కువేస్తే గంజి తాగినట్టుంటుంది. కాండీ సిరప్‌లో చక్కెరని మాత్రం ఈస్ట్ దాదాపు ఖాళీ చేసేస్తుంది. ఆల్కహాల్ పెరుగుతుంది, బరువు పెరగదు, మాడిన పాకం రంగూ రుచీ మిగులుతాయి. వెస్ట్‌మాల్ వాళ్ల ‘ట్రిపెల్’ 9.5 శాతం ఉన్నా తేలిగ్గా దిగిపోవడానికి అందులో కలిపే చక్కెరే కారణం. ప్రమాదం కూడా అక్కడే. రెండో గ్లాసు దగ్గర లెక్క తప్పుతుంది.

సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడం అక్కడ మామూలే. నేనూ పది లీటర్ల కిట్ కొన్నా. సిరప్ మాత్రం కొనకుండా నేనే కాద్దామనుకున్నా. అర కిలో పంచదార, గ్లాసుడు నీళ్లు, రెండు చుక్కల నిమ్మరసం. పాకం గడ్డకట్టకుండా మనం వేసే నిమ్మరసమే! పులుపు తగిలితే పంచదార గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, ఇక పలుకు కట్టదు. థర్మామీటర్ పెట్టుకుని కూర్చున్నా. అయినా రాయిలా బిగుసుకుపోయింది.

నాన్నమ్మకి వీడియో కాల్ చేశా. ఎందుకో చెప్పలేదు. ‘స్వీటు చేస్తున్నా’ అన్నా.

‘ముదరబెట్టేశావు నాయనా. పారబోయకు. వేణ్ణీళ్లు పోసి సెగ తగ్గించు. ఆ గాజుపుల్ల పక్కన పడేసి, చల్లనీళ్ల పళ్లెంలో చుక్కేసి చూడు.’

ఆవిడ గాజుపుల్ల అన్నది నా థర్మామీటర్‌ని. చుక్కేసి చూశా. నాలుగోసారి కుదిరింది. రెండు వారాలు పులియబెట్టి, సీసాల్లో పోసి, నెలాగి తెరిస్తే, ఆ వెస్ట్‌మాల్‌కి దూరపు చుట్టంలా ఉంది. ఒక సీసాలో చక్కెర ఎక్కువై మూత తియ్యగానే సీలింగ్‌కి కొట్టింది. మిగతావి బాగానే ఉన్నాయి.

కాలవ గట్టు మీదికి

సంక్రాంతికి సెలవు పెట్టి వచ్చా. రాజమండ్రిలో రైలు దిగి, వేమగిరి, కడియపులంక నర్సరీలు దాటి, జొన్నాడ వంతెన మీద గౌతమిని దాటితే రావులపాలెం. అక్కణ్ణుంచి కాలవ వెంబడే మా ఊరు. ఒకవైపు వరి, ఒకవైపు కొబ్బరి, గట్టు మీద తాళ్లు. ఈ దారి నేను వందసార్లు వచ్చుంటా. తాటిచెట్టు పైకి తలెత్తి చూసింది మాత్రం ఇప్పుడే. కుండలు కట్టి ఉన్న చెట్లు తక్కువ. ఎక్కువ చెట్లకి ఏమీ లేదు.

ఈసారి తాతని కూర్చోబెట్టి ప్రశ్నలన్నీ అడిగా. గెలని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పల్చగా చెక్కాలట. ఒక పూట మానేస్తే కోసిన మొహం ఎండిపోయి ధార ఆగిపోతుందట. అంటే పండగ లేదు, జ్వరం లేదు. కల్లుకి ఈస్ట్ ఎవరూ వెయ్యరు. గాలిలోదీ, కుండలోదీ చాలు. తెల్లారి తీపి, మధ్యాహ్నానికి నురగ, సాయంత్రానికి పులుపు. బ్రస్సెల్స్‌లో 1900 నుంచి నడుస్తున్న కాంటియోన్ అనే చిన్న బ్రూవరీలో కూడా ఇదే పద్ధతి. ఉడికిన మాల్ట్ రసాన్ని రాత్రంతా తెరిచిన రాగి తొట్టెలో గాలికి వదిలేస్తారు. ఆ పుల్లటి బీరు తాగి మా ఫ్రెండ్స్ మొహం చిట్లించారు. నాకైతే సాయంత్రం కల్లే గుర్తొచ్చింది.

పులవకూడదంటే? కుండ లోపల సున్నం పూస్తారు. అలా దించింది నీరా. దాన్ని కాస్తే తాటి బెల్లం. తమాషా ఏంటంటే, ఇంట్లో నల్లటి కాండీ సిరప్ కాచేవాళ్లు కొందరు రంగు బాగా తిరగడానికి చిటికెడు సున్నమే వేస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు. అందుకని ఊళ్లో నేను కాచింది సిరపే, అదీ తాటి బెల్లంతో. దోసెల్లోకి బ్రహ్మాండంగా ఉంది. నాన్నమ్మకి అప్పుడు అసలు సంగతి చెప్పా. నవ్వలేదు.

‘మీ తాత గీశాడు గానీ తాగలేదు. తాగి పోయినోళ్ల ఇళ్లు ఈ వీధిలోనే ఉన్నాయి. 93లో సారా ఆపినప్పుడు మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. గ్లాసు ఎంత బాగున్నా లోపలిది అదే కదరా’ అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే, ఇది చదివి బీరు మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను. నీరాలో ఆల్కహాల్ ఉండదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు తాటి మీద, నీరా మీద పని చేస్తున్నారు. నాన్నమ్మకి కోపం రాని దారి అదొక్కటే కనిపిస్తోంది.

కానీ చెట్టెక్కేవాళ్లు ఉండాలి కదా. బెల్జియంలోనే ఆఖెల్ అనే మఠం ఉంది. చివరి సన్యాసులు వెళ్లిపోయాక, 2021లో ఆ బీరుకి అసలైన ట్రాపిస్ట్ ముద్ర పోయింది. బీరు అదే, నీళ్లు అవే. మనుషులు లేరంతే.

వెళ్లే ముందు రోజు, సూట్‌కేసులో తెచ్చిన డుబెల్ సీసా తీశా. ఆయన తాగడని తెలుసు. రుచి చూడమన్నా. తాత నాలిక మీద చుక్కేసుకుని కళ్లు మూసుకున్నాడు.

‘పాకం మాడిచ్చారు. తెలిసే మాడిచ్చారు’ అన్నాడు. కాసేపాగి, ‘అక్కడ చెట్టు ఎవరెక్కుతార్రా?’

‘చెట్టు లేదు తాతా. భూమిలో దుంప.’

‘అయితే పడరు. అదృష్టవంతులు.’

ఆయన కుడి కాలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. నా ఆరో తరగతప్పుడు పడ్డాడు. ఆ ఏడాదే నాన్నని చెట్టెక్కొద్దని ఒట్టేయించుకున్నాడు. నా ఫీజు కట్టింది ఆ ఒట్టుకి ముందు దించిన కల్లుతోనే.

మోకు ఇంకా గోడకి మేకు మీద వేలాడుతోంది. ముట్టుకుని చూశా. నేననుకున్నదానికంటే బరువుగా ఉంది.