బొట్టు రాకపోతే ఆ పూటే

సోవియట్ సాయంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం కడుతుంటే, పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు బోలెడు. మాదీ అందులో ఒకటి. సెక్టార్లలో క్వార్టరు చుట్టూ కాస్త జాగా, ఓ జామచెట్టు, దాని కింద ఓ కుక్క మామూలే. మా ఇంట్లో స్పిట్జ్, పేరు రాజా.

మే నెల ఎండల్లో వాడు ప్రహరీ దగ్గర కాలెత్తాడు. ఒక్క బొట్టు పడింది. జామచెట్టు దగ్గర మళ్లీ ఎత్తి ముక్కాడు, ఈసారి అదీ లేదు. గచ్చు మీది బొట్టు చూస్తే గులాబీ రంగు.

"వేడి చేసిందే అమ్మా. అరటి దూట రసం పట్టు. మీ బాబాయికి రాయి పడిపోలేదూ?" అంది పక్క క్వార్టరు పిన్ని.

"వీడిది ఏ రాయో తెలియాలి కదా పిన్నీ!"

కుక్కల్లో ఎక్కువగా చూసేవి రెండు. స్ట్రువైట్ రాయి చాలావరకు ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, ఆడకుక్కల్లో ఎక్కువ. యాంటీబయాటిక్‌తో, డాక్టరు చెప్పిన ప్రత్యేకాహారంతో కరుగుతుంది. క్యాల్షియం ఆక్సలేట్ అలా కరగదు, తీయాల్సిందే. పైగా మగకుక్క అంగంలో ఓ ఎముక ఉంటుంది. మూత్రనాళం దాని గాడిలోంచి పోతుంది, అక్కడ సాగే వీల్లేదు. చిన్న రాయైనా బిరడాలా బిగుసుకుంటుంది. మూత్రం పూర్తిగా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు.

దుర్గ్ దాటాక అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది, రాజాని అక్కడికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో రాయి తెల్లగా కనపడింది. మత్తిచ్చి, సన్నటి గొట్టంలోంచి సెలైన్ కొట్టి, రాయిని వెనక్కి మూత్రాశయంలోకి నెట్టారు. తర్వాత కోసి తీశారు. ఆక్సలేటే. పిన్ని రసం దాన్నేం చేసుండేది? ఇది మళ్లీ వచ్చే జబ్బు కనుక ఇప్పుడు వాడి అన్నంలో నీళ్లు ఎక్కువ కలుపుతున్నాం.

నొప్పికి మన ఇబుప్రోఫెన్ మాత్ర మాత్రం వేయకండి, కుక్క మూత్రపిండాలు దెబ్బతింటాయి. బయటికెళ్లడం అలవాటైన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తే కర్ర తీయకండి, అది పొగరు కాదు, జబ్బు కావచ్చు. చుక్కచుక్కగా పోస్తుంటే శుభ్రమైన సీసాలో పట్టి డాక్టరుకి చూపించండి. ముక్కుతున్నా బొట్టు రాకపోతే సీసా కోసం కూడా ఆగొద్దు, ఆ పూటే బయల్దేరండి.