తుప్పు కింది అంకెలు

ఉద్యోగరీత్యా నేను దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్‌లో నివసించిన రోజులలో మా క్వార్టర్ తోటలో ఒక పోత ఇనుప బెంచీ ఉండేది. 1920వ దశకంలో ఈ దీవులకు చీఫ్ కమిషనర్‌గా వ్యవహరించిన ఫెరార్ పేరిట వెలసిన ఊరది. ఆ బెంచీ ఎవరి హయాంలో వచ్చిందో చెప్పగలవారు లేరు. 1858లో శిక్షాస్థావరం నెలకొన్న నాటి నుండి ఇక్కడికి ఇనుము సముద్రం దాటే వచ్చింది. బెంచీ వీపు వెనుక ఉబ్బెత్తు అక్షరాలూ, వాటి కింద నాలుగు అంకెలూ చేతికి తగిలేవి. తుప్పు పొరల మూలంగా కంటికి ఆనేవి కావు. చరిత్ర చదువుకున్నవాణ్ణి కనుక తీరికగా చదవాలని అనుకుంటూనే కాలం గడిపాను.

ఒకసారి పై అధికారులు వస్తున్నారని తెలిసి, తుప్పు మీదనే వెండి రంగు వేయించాను. బెంచీ మెరిసిపోయింది. వర్షాకాలం ముగిసేసరికి రంగు పొలుసులుగా లేచి, కింద ఎర్రటి పొడి బయటపడింది. అది చూసిన ఒక మిత్రుడు, "ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా ఎండలో వానలో నిలబడలేదా?" అన్నారు. ఆ పోలిక ఇక్కడ చెల్లదు. అది సమ్మెటతో సాగగొట్టిన చేత ఇనుము. అందులో భాస్వరం పాలు ఎక్కువ. ఢిల్లీ గాలి పొడిగాలి. మాది రెండు నుండి నాలుగు శాతం కర్బనం గల పోత ఇనుము. ఇక్కడ ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం, పైగా ఉప్పుగాలి. నీరు, ప్రాణవాయువు కలిస్తే ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగిరపడుతుంది.

రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దది. త్వరగా ముగించాలని కరెంటు సానరాయి తెప్పించి వీపు వెనుక పట్టించాను. నేను వెళ్లి చూసేసరికి ఎడమ పక్కన ఇనుము అద్దంలా ఉంది. ఆ పక్కనున్న అక్షరాలు లేవు.

అప్పుడు పని ఆపించినవాడు మా తోటమాలి. శ్రీకాకుళం తీరం నుండి చిన్నతనంలో తల్లిదండ్రులతో వచ్చినవాడు. యౌవనమంతా పడవల మీద గడిపినవాడు. బెంచీ కింద చేయి పెట్టి, వేలిని నాలుకకు తాకించి అన్నాడు: "ఉప్పు, బాబూ. పైన వాన కడుగుతాది, అడుగున కడిగేవోడు లేడు. ఉప్పు తియ్యకుండా రంగేస్తే దొంగని లోపలెట్టి తలుపేసినట్టే." ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడనే సామెత నాకు అర్థమైనది ఆనాడే. నిజమే, వాన తగలని అడుగుభాగమే అన్నిటికంటె ఎక్కువ తినివేయబడి ఉంది.

మిగిలిన పని అతని పద్ధతిలో సాగింది. పోత ఇనుము పెళుసు కనుక సుత్తి తాకించలేదు. పాత రంగులలో సీసం ఉండవచ్చునని పొడి లేవకుండా తడిపి, వదులు తుప్పును తీగ బ్రష్షుతో తీశాము. తొట్టిలో పట్టిన వాననీటితో అడుగూ సందులూ పలుమార్లు కడిగాము. ఎండ బాగా ఉన్న రోజు చూసి, ఆరిన పూటనే, చీకటి పడకముందే జింకు ఫాస్ఫేటు ప్రైమరు పూశాము. ఒక్క రాత్రి తేమకే శుభ్రమైన ఇనుము మళ్లీ ఎర్రబారుతుంది. ఆపైన రెండు పూతల ఎనామెల్. కాళ్లు నేలను తాకకుండా రాతిపలకలు పరిచాము.

అక్షరాల చోట మాత్రం బ్రష్షు కూడా వాడలేదు. గట్టిగా అంటుకున్న తుప్పు మీద టానిక్ ఆమ్లం పూశాము. అది తుప్పుతో కలిసి నీలినలుపు పొరగా స్థిరపడుతుంది. ఆ రంగు చూడగానే మా తాతగారి కరణీకపు లెక్కల పుస్తకాలు గుర్తుకు వచ్చాయి. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి చేసే సిరాలోనూ జరిగేది ఇదే: కరక్కాయలోని టానిన్, అన్నభేదిలోని ఇనుము కలిసి నల్లబడతాయి. ఆయన ఆ నలుపుతో ఊరి లెక్కలు నిలబెట్టారు. నేను పట్టాలు పొంది కూడా ఒక బెంచీ పుట్టిన ఏడు నిలబెట్టలేకపోయాను.

ఎందుకంటే, నాలుగు అంకెలలో మిగిలినవి రెండే. తయారీదారు పేరులో చివరి మూడు అక్షరాలు, చివరి అంకెలు 7, 4. అది 1874 అయి ఉండాలని నా మనసు చెబుతుంది. కాని మనసు చెప్పినది ఆధారం కాదని విద్యార్థిగా నేర్చుకున్న మొదటి పాఠం.

బదిలీ అయినప్పుడు అప్పగింత పత్రంలో ఆ బెంచీకి ఒక పేరా కేటాయించాను. ఏటా వర్షాలకు ముందు రంగు పగుళ్లు చూడవలసినదనీ, వర్షాలు వెనుకబట్టాక నెలకొకసారి అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించవలసినదనీ, సానరాయి ఎన్నడూ తాకించరాదనీ వ్రాశాను. తయారైన సంవత్సరం అన్న గడిలో రెండు గీతలు గీసి, పక్కన 74 అని వేశాను. ఆ గీతలు ఎందుకు వచ్చాయో కూడా కింద వ్రాసి సంతకం చేశాను.