ఆయతుల నడుమ ఈల

కారులో పాటలు వింటున్నంత కాలం బయటపడని లోపం ఒకటి, ఖుర్ఆన్ పారాయణం వినడం మొదలుపెట్టిన రోజే బయటపడుతుంది. పాటలో వాద్యాల హోరు ఎడతెగక సాగుతుంది. సన్నని ఈల ఏదైనా ఉంటే అందులో కలిసిపోతుంది. పారాయణం అలా కాదు. ఖారీ ఒక ఆయతును ముగించి ఊపిరి తీసుకునే చోట కొన్ని క్షణాల నిశ్శబ్దం ఉంటుంది. ఇంజను ఈల వచ్చి కూర్చునేది సరిగ్గా అక్కడే.

మేము కొన్నది పాత కారు. దాని పూర్వపు యజమాని పాటల ప్రియుడు కాబోలు, ముందు సీటు కింద ఒక యాంప్లిఫయర్‌ను, వెనుక రెండు పెద్ద స్పీకర్లను పెట్టించి ఉంచాడు. మాకు వాటితో పనిలేదు. మాకు కావలసిందల్లా మా అమ్మీని వారానికి రెండుసార్లు డయాలసిస్ నిమిత్తం బోధన్ నుండి నిజామాబాద్‌కు తీసుకువెళ్ళి, తిరిగి తీసుకురావడం. ఎడపల్లి, జానకంపేట మీదుగా పాతిక కిలోమీటర్లకు పైబడిన దారి. ఆమెకు చూపు తగ్గిపోయింది. అరవై ఏళ్ళపాటు ఫజ్ర్ తర్వాత స్వయంగా చదువుకున్న ఖుర్ఆన్‌ను ఇప్పుడు చెవులతోనే అందుకోవాలి. యాసీన్ సూరాలోని 83 ఆయతులు పూర్తయ్యేసరికి ప్రయాణంలో సగానికి దగ్గరవుతాము. ఆమె పెదవులు ఖారీతోపాటు కదులుతూ ఉంటాయి.

ఆ కారులో రెండవ ప్రయాణంలోనే ఆమె చేయి ఎత్తి, "ఆపేయండి బేటా. ఆ ఈల మధ్యన వినడం నాకు మనసొప్పడం లేదు" అన్నారు. తిరుగు ప్రయాణమంతా మౌనంగా సాగింది. డయాలసిస్ తర్వాత ఆమెకుండే నీరసం ఎటువంటిదో ఆ స్థితిని ఇంట్లో చూసినవారికి తెలుసు. ఆ ముక్కాలు గంట ప్రయాణంలో ఆమెకు మిగిలిన ఒక్క ఊరట కూడా లేకుండా పోయింది.

నిజామాబాద్‌లో ఒక దుకాణదారుడు బానెట్ ఎత్తకుండానే తీర్పు చెప్పాడు: ఒక నాయిస్ ఫిల్టరు పెట్టాలి, దానితో తగ్గకపోతే ఆల్టర్నేటరు మార్చాలి. కారణం తెలియకుండా మందు కొనడం మాకు నచ్చలేదు. బోధన్‌కు తిరిగివచ్చి, మేము చాచా అని పిలుచుకునే ఒక పెద్దమనిషి దగ్గరకు వెళ్ళాము. ఆయన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. నిజాం కాలంలో 1937లో స్థాపించిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర మిల్లులు చెరకు పిప్పిని మండించి తమకు కావలసిన విద్యుత్తును తామే పుట్టించుకుంటాయి. అటువంటి చోట పనిచేసినవారికి విద్యుత్తు నడక ఎలా ఉంటుందో పుస్తకం చూసి తెలుసుకోవలసిన అవసరం ఉండదు.

చాచా ముందుగా ఏ పనిముట్టునూ చేతిలోకి తీసుకోలేదు. "ఎప్పుడు వస్తుంది? ఎప్పుడు రాదు?" అని అడిగారు. ఇంజను ఆపి స్టీరియో మాత్రం పెట్టి విన్నాము. ఈల లేదు. ఇంజను స్టార్ట్ చేయగానే వచ్చింది. యాక్సిలరేటరు తొక్కితే ఈల స్థాయి కూడా పైకి పోయింది, వదిలితే కిందికి దిగింది.

ఇంజను వేగంతో పెరిగి తరిగే ఈల ఆల్టర్నేటరు నుండే పుడుతుంది. దానిలో తయారయ్యేది మూడు ఫేజుల ఏ.సి. విద్యుత్తు, లోపలి డయోడ్లు దానిని డి.సి.గా మారుస్తాయి. ఆ మార్పు సంపూర్ణంగా నునుపుగా ఉండదు, చిన్న చిన్న అలలు మిగులుతాయి. ఉదాహరణకు 12 ధ్రువాల ఆల్టర్నేటరు నిమిషానికి 5000 చుట్లు తిరిగితే, ఆ అలలు సెకనుకు 3000 వస్తాయి. మన చెవి అత్యంత చురుకుగా పట్టుకునే ధ్వనులు ఆ పరిసరాల్లోనివే. అందుకే ఆ ఈల అంతగా గుచ్చుకుంటుంది. కానీ అక్కడ పుట్టిందని చెప్పినంత మాత్రాన అక్కడే లోపమున్నదని అర్థం కాదు. అలలు ప్రతి కారులోనూ ఉంటాయి. అవి పాటలోకి ఏ దారిన దూరుతున్నాయన్నదే ప్రశ్న. ఆ దుకాణదారుడు వదిలేసిన ప్రశ్న కూడా అదే.

మల్టీమీటరుతో బ్యాటరీని చూస్తే, ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14.2. ఏ.సి. స్కేలుపై పెట్టి చూసిన అల 0.03 వోల్టు మాత్రమే. ఆల్టర్నేటరు ఆరోగ్యంగా ఉంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొందరు మెకానిక్‌లు ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ తీగ ఊడదీసి ఆల్టర్నేటరును పరీక్షిస్తారు. ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి కారులోని ఎలక్ట్రానిక్ భాగాలను కాల్చివేయగలదు. మీ బండికి ఎవరైనా అలా చేయబోతే మొహమాటపడకుండా వారించండి.

తర్వాత చాచా స్టీరియో ధ్వనిని పూర్తిగా సున్నాకు తగ్గించమన్నారు. పారాయణం ఆగిపోయింది, ఈల మాత్రం అలాగే ఉంది. అంటే ధ్వనిని తగ్గించే చోటు దాటిన తర్వాతనే అది చేరుతోంది. ఆ ఒక్క పరీక్షతో సగం కారును వెతికే పని తప్పింది. స్టీరియో ఆపి, దాని నుండి యాంప్లిఫయర్‌కు వెళ్ళే ఆర్.సి.ఏ. తీగలను యాంప్లిఫయర్ వద్ద ఊడదీసి మళ్ళీ ఇంజను నడిపాము. పూర్తి నిశ్శబ్దం. ఆ తీగల స్థానంలో బ్యాటరీతో నడిచే ఫోనును తగిలించి పారాయణం పెడితే, స్వచ్ఛంగా వినిపించింది. యాంప్లిఫయర్ మంచిదే, స్పీకర్లూ మంచివే. ఈల ఆర్.సి.ఏ. తీగ వెంట వస్తోంది.

దానికి కారణాన్ని చాచా చెప్పిన తీరు మాకు బాగా గుర్తుండిపోయింది. కర్మాగారంలో ఎర్త్ అంటే నేలలో గొయ్యి తీసి, రాగి పలకను దించి, బొగ్గు, ఉప్పు పోసి పూడ్చేది. కారు రబ్బరు చక్రాల మీద నిలబడి ఉంటుంది, దానికి నేలతో సంబంధం లేదు. దాని ఇనుప దేహమే దానికి ఎర్త్. ఎర్ర తీగలో వెళ్ళిన కరెంటు ఆ దేహం గుండా బ్యాటరీకి తిరిగి చేరాలి. ఆ తిరుగు దారిలో ఎక్కడైనా అడ్డు ఉంటే, యాంప్లిఫయర్‌కు సున్నా అనిపించేది, ముందున్న స్టీరియోకు సున్నా అనిపించేది ఒకటి కాకుండా పోతాయి. నిజాంసాగర్ ప్రధాన కాలువలో పూడిక చేరితే నీరు పక్కనున్న పిల్ల కాలువలోకి మళ్ళినట్టు, తిరిగిపోవలసిన కరెంటులో కొంత ఆర్.సి.ఏ. తీగ పైపొరలోకి మళ్ళుతుంది. ఆల్టర్నేటరు అలలనూ వెంట తెస్తుంది. యాంప్లిఫయర్ దానిని కూడా పారాయణంలో భాగమనే అనుకుని పెద్దది చేసి వినిపిస్తుంది.

మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, మరొక కొసను యాంప్లిఫయర్ ఎర్త్‌కు ఆనించి, ధ్వనిని పెంచి చూశాము. 0.6 వోల్టు. 0.1కి మించకూడదని చాచా అన్నారు.

ఎర్త్ తీగ ఎక్కడ బిగించారో చూడడానికి ముందు సీటు విప్పి, కింది కార్పెట్ ఎత్తాము. తీగ చివరను రంగు పూసి ఉన్న బోల్టు కింద, రంగును గీకకుండానే బిగించారు. రంగు విద్యుత్తును పోనివ్వదు. బోల్టు మరల ద్వారా దొరికిన కాస్త స్పర్శతోనే ఇన్నాళ్ళూ అది నడిచింది.

మేము వెతుకుతున్నది దొరికింది. కానీ చాచా చూపు దానిమీద లేదు. బ్యాటరీ నుండి వచ్చే లావుపాటి ఎర్ర తీగ సీటు పట్టా కిందుగా పోతోంది. సీటు ముందుకూ వెనుకకూ జరిగినప్పుడల్లా పట్టా దానిని ఒరుసుకుంటోంది. పైతొడుగు ఊడిపోయి, రెండు అంగుళాల మేర రాగి మెరుస్తూ కనిపించింది. ఇంజను గది నుండి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర కూడా రబ్బరు బుష్ లేదు, రేకు అంచు తీగను కోస్తోంది. బ్యాటరీ వద్ద ఉండవలసిన ఫ్యూజు అసలే లేదు.

ఆ రాగి ఇనుప పట్టాకు తగిలితే బ్యాటరీలోని శక్తి అంతా, వందల ఆంపియర్లు, ఒక్కసారిగా ఆ తీగ గుండా పారుతుంది. మధ్యలో తెగడానికి ఫ్యూజు లేదు కనుక తెగేది తీగే, అది కూడా ఎర్రగా కాలిన తర్వాత. పైన కార్పెట్, దానిపైన సీటు స్పాంజి. ఆ సీటులో ఎవరు కూర్చుంటారు? డయాలసిస్ తర్వాత అమ్మీ కాళ్ళు చాపుకోవడానికి వీలుగా దానిని మేము వారానికి రెండుసార్లు వెనక్కి జరుపుతూ వచ్చాము. తలుపు తానే తీసుకుని దిగే బలం కూడా ఆమెకు ఉండదు. మేము కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. చాచా లేచి వెళ్ళి బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి పక్కన పెట్టారు. "ఇక ఇప్పుడు పని చేద్దాం" అన్నారు. అల్‌హందులిల్లాహ్ అన్న మాట మా నోటి నుండి అప్పుడు గానీ వెలువడలేదు.

ఫిల్టరు పెట్టించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాము. ఈల కొంత తగ్గేది. కార్పెట్ ఎవరూ ఎత్తేవారు కాదు.

పనికి ఒక పూట పట్టింది. ఎర్ర తీగను మార్చి, సీటు పట్టాకు దూరంగా కార్పెట్ అంచున పరిచాము. రంధ్రానికి రబ్బరు బుష్ తొడిగాము. బ్యాటరీకి ఒకటిన్నర అడుగుల లోపునే ఫ్యూజు పెట్టాము. ఎర్త్ చోటులో ఎమరీ కాగితంతో రంగును తళతళలాడే ఇనుము కనిపించేదాకా గీకి, ఎర్ర తీగ లావుకు సమానమైన పొట్టి తీగకు లగ్గు వేసి, పళ్ళ వాషరుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన వ్యాజిలీన్ పూశాము. ఆర్.సి.ఏ. తీగలను ఎర్ర తీగ వెంట కాక కారుకు రెండవ వైపున నడిపించాము. రెండూ కలవక తప్పని చోట ఒకదానిని మరొకటి అడ్డంగా దాటేటట్టు పెట్టాము. పక్కపక్కనే పొడవునా సాగితేనే రొద ఒకదాని నుండి మరొకదానికి పాకుతుంది. మల్టీమీటరు ఈసారి 0.04 చూపించింది. ఈల పోయింది.

కారులో శబ్దాల పేచీ కొత్తది కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ మోటరోలా పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చిన రోజుల్లోనే, స్పార్క్ ప్లగ్గుల రొదను అణచడం పెద్ద పని అయ్యింది. నేటికీ పెట్రోలు ఇంజనులో ప్లగ్గు గానీ దాని తీగ గానీ పాడైతే రేడియోలో టకటకమనే చప్పుడు వస్తుంది. మారని స్థాయిలో గుయ్‌మనే శబ్దం పెట్రోలు పంపుది కావచ్చు. చప్పుడు దేనితోపాటు మొదలై దేనితోపాటు ఆగుతుందో గమనిస్తే చాలావరకు దాని చిరునామా తెలిసిపోతుంది.

మా కారులో ఈల పోయిన తర్వాత కూడా మరొక చిన్న శబ్దం మిగిలింది. ఆకాశవాణి పెట్టినప్పుడు మాత్రం, ఊరు దాటేకొద్దీ సన్నగా బుసకొట్టేది. ఇంజను ఆపినా పోలేదు కనుక ఆల్టర్నేటరుతో సంబంధం లేదని మాకే అర్థమైంది. ఒక్కొక్క వస్తువునూ తీసి చూశాము. సిగరెట్ లైటరు చోటులో గుచ్చిన చౌకరకం ఫోను చార్జరు అది. 12 వోల్టులను 5కు దించడానికి అటువంటి చార్జర్లు కరెంటును సెకనుకు వేలసార్లు, లక్షలసార్లు తుంచుతాయి. సరైన కవచం లేకపోతే ఆ తుంపులు రేడియో యాంటెన్నాను చేరతాయి. దానిని తీసి పారేశాము. ఇప్పుడు ఫోనును ఇంట్లోనే చార్జి చేసుకుని బయలుదేరుతున్నాము.