గేదె పడిపోయిన రాత్రి

మా పాడిగేదె ఈనిన రెండో రోజు రాత్రి లేవలేక, మెడ డొక్కవైపు తిప్పుకుని పడిపోయింది. పాలజ్వరం. ఒంట్లో కాల్షియం తగ్గితే వచ్చే జబ్బు. నరానికి కాల్షియం ఎక్కించడం ఆలస్యమైతే ప్రాణం దక్కదు. డాక్టరుకి, మందులకి రెండు రోజుల్లో 4,000 అయింది. పాలు పోస్తేనే పిల్లల ఫీజు కట్టే ఇల్లు మాది. నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చాం. గేదె లేచింది, దేవునికి స్తోత్రం.

నెలకు 200 అంటే తేలికగానే ఉంటుంది. ఏడాది ఉంచితే 2,400, అంటే నూటికి 60. అందుకని వచ్చిన పాల డబ్బు వచ్చినట్టే కట్టి, రెండు నెలల్లో తీర్చేశాం.

అక్కరలో అప్పు చేయడం సిగ్గుపడే పని కాదు. బీదవాని దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండం హెచ్చరించింది ఇచ్చేవాణ్ణి, అడిగినవాణ్ణి కాదు.

పశువుల అంబులెన్సు కోసం 1962కి ఫోన్ చేయవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు పాడి రైతులకూ ఇస్తున్నారు. దరఖాస్తు కావలసినవారు ఆదివారం ఆరాధన అయ్యాక ఆగండి, కలిసి నింపుదాం. మీ కొట్టంలో పశువు పడిపోతే, వడ్డీకిచ్చేవారి కంటే ముందు మా తలుపు తట్టండి.